డోర్‌బెల్ లెక్క: బెంగళూరులో ఇంటి ఖర్చు తగ్గించుకోవడం ఎలా

ఒకసారి ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించి, డెలివరీ అబ్బాయి బెల్ కొట్టిన ప్రతిసారీ దాని మీద ఒక గీత గీయమని పిల్లలకి చెప్పాను. నెల తిరిగేసరికి 47 గీతలు. మాది రామ్మూర్తినగర్‌లో రెండు పడగ్గదుల అద్దె ఇల్లు, ఉండేది నలుగురం. కొత్తిమీర కట్ట కోసం ఒక గీత, బ్రెడ్డు కోసం ఒకటి, రేపు స్కూల్లో చార్టు పేపర్ కావాలని రాత్రి తొమ్మిదింటికి గుర్తొచ్చినందుకు ఇంకొకటి. కొత్తిమీర పది రూపాయలే. కానీ ఇంత మొత్తం దాటితే డెలివరీ ఉచితం అని యాప్ ఊరిస్తుంది కదా, అది దాటించడానికి ఒక చిప్స్ ప్యాకెట్, ఒక ఐస్‌క్రీమ్, ఎలాగూ కావాల్సిందేగా అని ఒక గిన్నెల సబ్బు. పది రూపాయల కొత్తిమీర 240 రూపాయలై ఇంట్లోకి వచ్చేది.

ఈ ఊళ్ళో మా కాపురానికి పదకొండేళ్ళు. పొదుపంటే ఆకుకూరలామెతో రెండు రూపాయలు గీసి గీసి బేరమాడడమే అని చాలాకాలం అనుకున్నాను. ఆ కాగితం చూశాక తెలిసింది, మా ఇంట్లో డబ్బు పోతున్నది ధర దగ్గర కాదు, ఎన్నిసార్లు కొంటున్నామన్న దగ్గర. కొన్న ప్రతిసారీ అవసరం లేనిది ఒకటి వెంట వస్తుంది. కాబట్టి కింద చెప్పేవన్నీ ఎక్కువగా ఆ గీతలు తగ్గించే పనులే. జీతం బాగానే వస్తోంది, అయినా ఇరవయ్యో తారీఖుకల్లా ఖాతా ఖాళీ అనేవాళ్ళని మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

మొదటి నెల: ఏమీ మార్చకండి, రాయండి

ఒక నోటుబుక్కు తీసుకోండి. యాప్‌లు చాలా ఉన్నాయి, నేను రెండు వాడి వదిలేశాను. అవి ఖర్చుని పదిహేను రకాలుగా విడదీయమంటాయి, మూడో రోజుకి విసుగొస్తుంది. మా నాన్న కొట్లో చిట్టా రాసినట్టు, తేదీ, ఏం కొన్నాం, ఎంత అయింది, అంతే. నేను ఒక్క గడి మాత్రం అదనంగా పెట్టుకున్నాను: ‘ఇవాళే కావాలా?’ అని. దాంట్లో అవును, కాదు అని నిజాయితీగా రాసుకోవాలి.

రోజూ కూర్చోనవసరం లేదు. ఆదివారం రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోన్లో ఫోన్‌పే, గూగుల్‌పే చరిత్ర తెరిచి వారం మొత్తం ఒకేసారి ఎక్కించండి. ఇంట్లో ఇద్దరు సంపాదిస్తుంటే ఇద్దరి ఫోన్లూ పక్కపక్కన పెట్టుకోవాలి. ఇక్కడ ఒక మాట. ఆఫీసు కింద టీ, సిగరెట్ ఖర్చులు బయటపడే రాత్రి అది. ఆ రాత్రి మాత్రం ఏమీ అనకండి. అన్నారంటే రెండో వారం ఆ ఫోన్ మీ చేతికి రాదు.

నెలాఖరున ‘కాదు’ అని ఉన్నవాటినే కూడండి. మా ఇంట్లో మొదటి నెల అది ఆరు వేలు దాటింది. అద్దె, ఫీజులు, ఈఎంఐలు ఈ లెక్కలోకి తేవద్దు. అవి ఒకరోజులో మారేవి కావు.

రెండో నెల: కిరాణా నెలకొకసారి

ఇందులో పెద్ద వస్తువు బియ్యం. ఇక్కడ కొట్లలో 26 కేజీల సంచులు ఎందుకుంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? 2022 జూలై 18 నుంచి 25 కేజీలు, అంతకు లోపు ముందుగా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడింది. 25 దాటిన సంచికి ఆ పన్ను లేదు. అందుకే ఒక్క కేజీ కలిపి 26 చేశారు. నలుగురున్న ఇంటికి, రెండు పూటలా అన్నం తినేవాళ్ళకి, 26 కేజీల సంచి ఎక్కువేం కాదు. ఒక్కరే ఉంటే విడిగా కొలిచి ఇచ్చే కొట్లో ఐదేసి కేజీలు తెచ్చుకోండి, విడి బియ్యానికీ ఆ పన్ను లేదు.

సంచి కొనేముందు అదే రకం ఒక కేజీ తెచ్చి వండి చూడండి. సోనామసూరి అని రాసి ఉన్నవన్నీ ఒకేలా ఉండవు. కొత్త బియ్యం ముద్దవుతాయి, పాత బియ్యం ఒదుగుతాయి. కేజీకి నాలుగైదు రూపాయలు ఎక్కువైనా పాత బియ్యమే మాకు లాభమని తేలింది, ఎందుకంటే డబ్బాతో కొలిచి పోసేది తగ్గింది. ఇంటికి తెచ్చాక మూత గట్టిగా ఉండే డబ్బాలో పోసి, ఎండిన వేపాకు, నాలుగు ఎండుమిర్చి వేయండి. వానాకాలంలో ఈ ఊరి చెమ్మకి ముక్క పురుగు పట్టడానికి రెండు వారాలు చాలు.

మిగతా సరుకుల జాబితా ఒక్కసారి శ్రద్ధగా రాసుకుంటే ప్రతినెలా అదే పనికొస్తుంది. కొట్లో ప్యాకెట్ తిప్పి యూనిట్ ధర చూడండి. ఎమ్మార్పీ పక్కనే గ్రాముకి ఇంత, కేజీకి ఇంత అని ముద్రించి ఉంటుంది. పెద్ద ప్యాకెట్టే చవక అనుకుంటాం, చాలాసార్లు కాదు. నూనె దగ్గర మరీ జాగ్రత్త. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. పక్కనే 850 గ్రాములదీ 800 గ్రాములదీ అదే సైజు కవర్లో ఉంటాయి, ధర ఇరవై తక్కువ కనిపిస్తుంది. కళ్ళజోడు పెట్టుకుని చదవండి.

పెద్దమొత్తంలో కొనకూడనివి కూడా ఉన్నాయి. గోధుమపిండి, శనగపిండి, రవ్వ, మసాలా పొడులు నెలకి మించి వద్దు. 15 కేజీల నూనె డబ్బా ఉమ్మడి కుటుంబానికి సరే. చిన్న సంసారంలో మాత్రం డబ్బా నిండా నూనె ఉందనే ధైర్యంతో గారెలు, బజ్జీలు ఎక్కువవుతాయి. ఇది నా సొంత అనుభవం.

ఇక ఊరినుంచి తెచ్చుకునే ఏడాది సరుకు. మాది ఒంగోలు వైపు. మిర్చి, చింతపండు, కందిపప్పు అమ్మ పంపిస్తుంది. మిర్చి కొత్త పంట ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు వస్తుంది, చింతపండూ మార్చి, ఏప్రిల్‌లోనే. ఆ మూడు నెలల్లో కొని, ఊళ్ళోనే ఎండబెట్టి, అక్కడి మిల్లులోనే కారం పట్టించి తెచ్చుకోండి. ఒక ఏడాది తీరిక లేక జూన్‌లో పచ్చి వాసన పోని ఐదు కేజీల మిర్చి సంచి బస్సులో వేసుకొచ్చాను. ఇక్కడ ఎండ లేదు, మేడ మీద ఆరబెడితే మధ్యాహ్నం మూడింటికి వాన. సగం బూజు పట్టింది. అప్పటినుంచి కారం తప్ప కాయ తేవడం లేదు, తాలింపుకి కావాల్సిన పావుకేజీ ఇక్కడే కొంటాను.

కూరగాయలు వారానికొకసారి, మెనూ ఆ తర్వాత

చాలామంది వారం మెనూ రాసుకుని దానికి తగ్గ కూరలు కొనమంటారు. నేను తిరగేసి చేస్తాను. సంతలో ఆ వారం ఏది కుప్పలుగా పోసి ఉందో అదే కొని, ఏం వండాలో ఇంటికొచ్చాక ఆలోచిస్తాను. కుప్పలుగా ఉన్నదే చవక, అదే తాజా.

ఎక్కడ కొనాలి? సిటీ మార్కెట్, అంటే కేఆర్ మార్కెట్‌లో ధరలు తక్కువే, కాదనను. కానీ అంతదూరంనుంచి ఆరు కేజీల కూరగాయల కోసం ఆటోలో వెళ్ళొస్తే మిగిలింది ఆటోవాడికే. మెట్రోలో వెళ్తే కేఆర్ పురంలో పర్పుల్ లైన్ ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారితే తర్వాతి స్టేషన్ చిక్కపేట, ఆ తర్వాతిదే మార్కెట్. పండగలముందు, పచ్చళ్ళప్పుడు, నాలుగు ఇళ్ళవాళ్ళం కలిసి వెళ్ళి పంచుకుంటాం. మామూలు వారాల్లో మీ పేటలో జరిగే సంతే మేలు. చీకటి పడేముందు వెళ్తే ధర దిగుతుంది, అయితే మంచి కాయ అప్పటికే పోయి ఉంటుంది. నేను ఐదింటికి వెళ్తాను. దగ్గర్లో రైతుల సహకార సంఘం నడిపే హాప్‌కామ్స్ దుకాణం ఉంటే ధరల బోర్డు చదివి వెళ్ళండి, కొనకపోయినా సరే. ఆ బోర్డు తెలిస్తే బండి దగ్గర మోసపోరు. వేసవిలో వాళ్ళు ద్రాక్ష, మామిడి మేళా పెడతారు, పండ్లు రాయితీకి వస్తాయి.

టమాటా సంగతి విడిగా చెప్పాలి. మనకి టమాటా వచ్చేది కోలారు, మదనపల్లె వైపునుంచే, రెండూ దగ్గరే. అయినా జూలై, ఆగస్టు వచ్చేసరికి చాలా ఏళ్ళు ధర మండిపోతుంది. 2023 జూలైలో కేజీ వంద దాటి పరుగెత్తింది గుర్తుండే ఉంటుంది. ఆ రెండు నెలలూ టమాటా ప్రతి కూరలో వేయాలన్న అలవాటునే మానేస్తే సరి. చింతపండు పులుసు, మామిడికాయ పప్పు, గోంగూర, చుక్కకూర, మజ్జిగ పులుసు ఉండగా మనకేం లోటు! ధర పది, పదిహేనుకి పడిపోయినప్పుడు నాలుగు కేజీలు కొని నిల్వ పచ్చడి పెట్టుకోండి.

డిసెంబరు, జనవరిలో ఊరంతా అవరేకాయి వాసనే. చిత్తూరువాళ్ళు అనపకాయలంటారే, అవే. ఆ రోజుల్లో వేరే కూర కొనడమే దండగ. గింజలు వలిచి పైపొట్టు తీసి పితికిపప్పు చేసుకోండి, ఉప్మాలో వేయండి, కొన్ని ఫ్రీజర్‌లో దాచండి. వలవడానికి టీవీ ముందు ఇంట్లోవాళ్ళందర్నీ కూర్చోబెట్టాలి, అది మాత్రం కాస్త కష్టం.

పొద్దున్నే ‘సొప్పు, సొప్పూ’ అంటూ వచ్చే ఆమె దగ్గర ఆకుకూరలు కొనండి, బేరమాడకండి. ఆమె తలమీద బుట్టకి డెలివరీ చార్జీ లేదు, ఉచిత డెలివరీ కోసం చిప్స్ కొనమని కూడా ఆమె అనదు.

పాలు, పెరుగు, ఇడ్లీపిండి

మా నలభై ఏడు గీతల్లో పద్నాలుగు ఈ మూడింటివే. 2025 ఏప్రిల్‌లో నందిని పాలు లీటరుకి 4 రూపాయలు పెరిగాయి, పెరుగూ పెరిగింది. పాలు తప్పవు. పెరుగు ఇంట్లో తోడు పెట్టుకోవచ్చు కదా. చలికాలంలో తోడుకోదని మానేస్తారు. పాలు గోరువెచ్చగా కాదు, వేలుపెడితే కాస్త చురుక్కుమనేలా ఉన్నప్పుడు తోడువేసి, గిన్నెని ఖాళీ కుక్కర్లో పెట్టి మూత బిగించండి. పొద్దునకి గడ్డపెరుగు. తోడులో ఒక పచ్చిమిర్చి తొడిమ వేస్తే ఇంకా గట్టిగా వస్తుందని మా అత్తగారు అంటారు, నేను వేస్తూనే ఉంటాను.

ఇడ్లీపిండి ప్యాకెట్లు ఈ ఊరి వ్యసనం. గ్లాసు మినప్పప్పు నానబెట్టి రుబ్బి, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కలిపితే మా నలుగురికి రెండు పూటలకి వస్తుంది. ఖర్చు ప్యాకెట్‌లో సగం కూడా కాదు. పిండి పులవకపోతే గిన్నెని ఓవెన్‌లో పెట్టి లోపలి లైటు మాత్రం వేసి ఉంచండి. ఓవెన్ లేకపోతే రాత్రి వంటయ్యాక వెచ్చగా ఉన్న పొయ్యి పక్కన. జనవరిలో పన్నెండు గంటలైనా ఓపిక పట్టాలి.

కరెంటు: మీ ఇంటి పరిమితి ఎంతో ముందు కనుక్కోండి

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, ఎందుకంటే కర్ణాటకలో కరెంటు పొదుపు లెక్క మన ఆంధ్ర, తెలంగాణల్లోలా ఉండదు. 2023లో మొదలైన గృహజ్యోతి పథకంలో ఇళ్ళకి నెలకి 200 యూనిట్ల వరకు ఉచితం అని అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, అందరికీ 200 రావు. ఆ మీటరు 2022-23లో నెలకి సగటున ఎంత వాడిందో దాని మీద 10 శాతం కలిపి ఇంటికో పరిమితి పెట్టారు. చాలా తక్కువ వాడే ఇళ్ళకి ఈ 10 శాతం బదులు 10 యూనిట్లు కలిపేలా 2024లో మార్చారు. ఆ ఏడాది లెక్క లేని కొత్త కనెక్షన్లకి రాష్ట్ర సగటు 53 యూనిట్లనే ఆధారంగా తీసుకున్నారు.

మీ మీటరు సగటు 110 అనుకుందాం. పరిమితి 121. నెలలో 121 లోపు వాడితే బిల్లు సున్నా. 195 వాడితే పైన వాడిన 74 యూనిట్లకి కడతారు. 2024 ఏప్రిల్ నుంచి ఇక్కడ స్లాబులు తీసేశారు, ఎంత వాడినా యూనిట్ దాదాపు 6 రూపాయలే, కాబట్టి సుమారు 450. అదే 205 వాడితే? 200 దాటినందుకు మొత్తం 205 యూనిట్లకీ కట్టాలి, ఫిక్స్‌డ్ చార్జీ అదనం. అంటే చివరి పది యూనిట్ల ఖరీదు 800 రూపాయలకు పైనే!

కాబట్టి మీరు ఎక్కడున్నారో ముందు చూడండి. పరిమితికి బాగా లోపల ఉంటే ఫ్యాన్లు మార్చి, లైట్లు ఆర్పి మీకు మిగిలే డబ్బేమీ లేదు. పరిమితి దాటుతుంటే ఒక్కో యూనిట్‌కి ఆరు రూపాయలు. 180, 190 దగ్గర ఊగుతుంటే మాత్రం మీటరు మీద కన్నేసి ఉంచాలి. బిల్లు కొట్టిన తేదీన రీడింగ్ ఫోటో తీసుకుని, పదిహేనో రోజు మళ్ళీ చూడండి. సగం నెలకి వంద దాటిందంటే మిగతా సగం జాగ్రత్త పడే సమయం ఉంటుంది.

అద్దెకున్నవాళ్ళకీ పథకం వర్తిస్తుంది. బిల్లు మీద ఉన్న అకౌంట్ నంబరుకి మీ ఆధార్‌ని రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైటు సేవాసింధులో జతచేయాలి. ఇల్లు మారేటప్పుడు పాత ఇంటినుంచి మీ ఆధార్ తీసేయడం మర్చిపోకండి, లేకపోతే కొత్త ఇంట్లో అది జతకాదు. కొత్త ఇల్లు చూసేటప్పుడు యజమానిని ఆ మీటరు పాత బిల్లు ఒకటి చూపించమనండి. పరిమితి 58 ఉన్న ఇంటికీ 170 ఉన్న ఇంటికీ ఏడాదికి వేలల్లో తేడా వస్తుంది.

యూనిట్లు ఎక్కడ పోతున్నాయి? మన ఇళ్ళల్లో, ఏసీ లేకపోతే, గీజర్ దగ్గర. 15 లీటర్ల గీజర్ నీళ్ళని 20 డిగ్రీల నుంచి 60కి తేవడానికి సుమారు 0.7 యూనిట్ తీసుకుంటుంది. నలుగురు నాలుగుసార్లు కాచుకుంటే రోజుకి 2.8, నెలకి 84. ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ తర్వాతి సంగతి. గీజర్ అడుగున తిప్పే మర ఉంటే 50కి తగ్గించండి, ఎలాగూ చన్నీళ్ళు కలుపుకునే పోసుకుంటాం. షవర్ బదులు బకెట్. స్నానాలు ఒకరి వెంట ఒకరు అయిపోవాలి, గంటకొకరు అంటే కాచిన నీళ్ళు చల్లారి మళ్ళీ కాగుతాయి. అమ్మాయి జడ వేసుకునేదాకా అబ్బాయి లేవడు అనే ఇంట్లో ఇది సులువు కాదు, తెలుసు.

మేడ మీద సోలార్ హీటర్ ఉన్న ఇల్లు దొరికితే మంచిదే. కాకపోతే వేడినీళ్ళ పైపు ఎంత దూరంనుంచి వస్తుందో అడగండి. మూడంతస్తులు దిగి వచ్చేలోపు రెండు బకెట్ల చన్నీళ్ళు వదిలేయాల్సి వస్తే, ఆ నీళ్ళు గిన్నెలకి, బట్టలకి పట్టుకోవాలి.

ఫ్యాన్ల విషయం కూడా చెప్పి ముగిస్తాను. పాత ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల. రోజుకి పన్నెండు గంటలు తిరిగే ఫ్యాను మారిస్తే నెలకి 16 యూనిట్లు తగ్గుతాయి. హాల్లో, పడగ్గదిలో మార్చండి చాలు. చుట్టాలొచ్చినప్పుడే తిరిగే గదిలో ఫ్యాను మార్చడం డబ్బులు దండగ.

గ్యాస్, నీళ్ళు

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. ఇంత ఎత్తులో నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, అందుకే గిన్నెలో కందిపప్పు ఒంగోల్లో ఉడికినంత త్వరగా ఇక్కడ ఉడకదు. కొత్తగా వచ్చినప్పుడు పప్పు బాగోలేదని కొట్టువాడితో పోట్లాడాను, పాపం. పప్పు అరగంట నానబెట్టి కుక్కర్లో పెట్టండి, మొదటి కూతకి మంట తగ్గించండి. పప్పు, అన్నం, కూరకి బంగాళాదుంప మూడు గిన్నెల్లో ఒకే కుక్కర్లో.

నీళ్ళకి మీటరు లేని ఇల్లయితే మీ చేతిలో ఉన్నది తక్కువ. ట్యాంకర్ ఖర్చు అందరూ పంచుకునే చోట మాత్రం నీళ్ళ కరువొచ్చిన 2024 మార్చిలాంటి నెల మళ్ళీ వస్తే భారం ఒక్కసారిగా పడుతుంది. ఆ వేసవిలో తాగునీటితో కారు కడిగితే 5,000 జరిమానా అని బెంగళూరు నీటి సరఫరా బోర్డు ప్రకటించింది. ఆర్‌ఓ మిషన్ వదిలే నీళ్ళు బకెట్‌లో పట్టి ఇల్లు తుడవడానికి వాడుతున్నాం అప్పటినుంచి.

ప్రయాణాలు, ఆధార్ చిరునామా చిక్కు

కర్ణాటక ప్రభుత్వ శక్తి పథకంలో 2023 జూన్ 11 నుంచి ఆడవాళ్ళకి మామూలు బీఎంటీసీ (సిటీ), కేఎస్‌ఆర్‌టీసీ బస్సుల్లో ఉచితం, ఏసీ బస్సుల్లో కాదు. కాకపోతే గుర్తింపు కార్డులో కర్ణాటక చిరునామా ఉండాలి. మనలో సగంమంది ఆధార్ ఇంకా ఊరి చిరునామాతోనే ఉంది. ఇలాంటి ఉచిత బస్సు పథకాలే ఆంధ్రలో స్త్రీశక్తి 2025 ఆగస్టు 15న, తెలంగాణలో మహాలక్ష్మి 2023 డిసెంబరు 9న మొదలయ్యాయి, అవి ఆ రాష్ట్రాలవాళ్ళకి. మరి ఆధార్‌లో ఏ చిరునామా ఉంచుకోవాలి? ఊరికి ఏడాదికి మూడుసార్లు వెళ్ళి, ఇక్కడ రోజూ బస్సెక్కే ఆడవాళ్ళయితే ఇక్కడికి మార్చుకోవడమే లాభం. ఊళ్ళో రేషన్ కార్డు, పింఛను, ఇంకేదైనా ఆ చిరునామాతో ముడిపడి ఉంటే ముందు పెద్దవాళ్ళని అడిగి మార్చండి. మా పక్కింటావిడ అడగకుండా మార్చి అత్తగారితో రెండు నెలలు మాటలు పోగొట్టుకుంది.

మగవాళ్ళకి 2025 జనవరి పెంపు తర్వాత మామూలు బస్సు నెల పాసు 1,200. నెలలో ఇరవై రోజులు రెండు బస్సులు మారి ఆఫీసుకి వెళ్తుంటే పాసు, లేకపోతే టికెట్టే. 2025 ఫిబ్రవరిలో మెట్రో చార్జీలు పెరిగి గరిష్ఠం 90 అయింది. స్మార్ట్‌కార్డుతో 5 శాతం, రద్దీ లేని వేళల్లో ఇంకో 5 శాతం తగ్గుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, సంక్రాంతి ఒక్కటీ ఒక ఎత్తు. నలుగురు చివరి నిమిషంలో ప్రైవేటు బస్సెక్కితే నెల కిరాణా డబ్బు ఒక్క రాత్రిలో పోతుంది. రైలు రిజర్వేషన్ 2024 నవంబరు 1 నుంచి 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు, అంతకుముందు 120 రోజులుండేది. జనవరి 11న బయలుదేరాలంటే నవంబరు 12 ఉదయం ఎనిమిదింటికి ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చోండి. తిరుగు ప్రయాణానికి ఇంకో అలారం. ఈ రెండు అలారాలు ఇప్పుడే పెట్టుకుని మిగతాది తర్వాత చదవండి.

మందులు

బీపీ, షుగరు మందులు రోజూ వాడేవాళ్ళు ఇంట్లో ఉంటే మందుల చీటీ మీద కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయమని డాక్టరుని అడగండి. జనఔషధి కేంద్రంలో అదే మందు చాలాసార్లు సగం ధరకంటే తక్కువకే వస్తుంది. మార్చేముందు మాత్రం డాక్టరుతో ఒక మాట చెప్పండి.

తగ్గించకూడనివి, మిగిలినది దాచడం

అద్దె రెండు వేలు తక్కువని ఇల్లు మారేముందు లెక్క వేసుకోండి. ఇక్కడ ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె అడ్వాన్సులో కోసుకోవడం మామూలే. సామాన్ల బండి, బ్రోకరుకి ఒక నెల కలిపితే ఆ రెండు వేలు తిరిగి రావడానికి ఏడాదిన్నర పడుతుంది. పనమ్మాయి జీతం, పిల్లల పండ్లు, అమ్మానాన్నలకి పంపే డబ్బు, వీటి మీద కత్తెర వేసి పొదుపు అనుకోకండి.

మిగిలిన డబ్బు నెలాఖరున దాద్దామంటే ఉండదు. జీతం పడిన రోజునే నెలనెలా కట్టే డిపాజిట్‌కి, అదే ఆర్‌డీకి, వెళ్ళిపోయేలా బ్యాంకుకి చెప్పేయండి. మొదటి నెల నోటుబుక్కులో ‘కాదు’ కింద వచ్చిన మొత్తంలో సగం పెట్టండి, మొత్తం పెడితే రెండో నెలకే విరమించుకుంటారు. అపార్ట్‌మెంట్‌లో మనవాళ్ళే నడిపే చీటీల్లో వేయమని అడుగుతారు. 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైనదా అని అడగండి. మొహమాటపడి మా ఇంట్లో ఒకరు అడగలేదు, చీటీ నడిపినావిడ ఇల్లు మారింది, ఫోనూ మారింది.

ఈ నెల ఫ్రిజ్ మీద కాగితంలో ఇప్పటికి పంతొమ్మిది గీతలున్నాయి. అందులో మూడు పక్కింటివాళ్ళ పార్సిళ్ళు, వాళ్ళు ఇంట్లో లేరని మేం తీసుకున్నవి. మా చిన్నవాడు అవీ లెక్కలోకే వస్తాయంటాడు.